దెబ్బలకు దక్కని మాట

మా హెడ్డు గారు పోయారు. ఆ కబురు అందేసరికి నేను బాపట్లలో ఒక కాలేజీ గేటు ముందు పరీక్షల బందోబస్తులో ఉన్నాను. వాళ్లబ్బాయి ఫోను చేశాడు. "అక్కా, నాన్న పోయారు. పొద్దున టీ తాగి గోడకి ఆనుకున్నారు, అంతే. మధ్యాహ్నం నమాజయ్యాక తీసుకెళ్తాం. మీకు తప్పకుండా చెప్పమంది అమ్మ" అన్నాడు. గేటు లోపల పిల్లలు పరీక్ష రాస్తున్నారు, గట్టిగా మాట్లాడ్డానికి లేదు. "వస్తున్నాను" అని మాత్రం అన్నాను.

ఆయనుండే తెనాలికి వెళ్లే రైల్లో కూర్చోవడానికి చోటు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడే వెళ్లాను. నేను చేరేసరికి జనాజా మోసుకుని జనం వీధి మలుపు తిరుగుతున్నారు. ఆడవాళ్లు ఖబరస్తాన్‌కి వెళ్లరు. ఆ మలుపు దాకా నడిచి, అక్కడే ఒక సైకిల్ షాపు ముందు ఆగిపోయాను. యూనిఫాంలో ఉన్న ఆడమనిషి అలా రోడ్డు మీద నిలబడితే ఎవరినో పట్టుకోవడానికొచ్చిందనుకుంటారు. షాపతను బయటికొచ్చి, "ఎవరి కోసమండీ?" అని భయంభయంగా అడిగాడు. వెళ్లిపోతున్న జనం వైపు చెయ్యి చూపించాను. అతను స్టూలు తెచ్చి వేశాడు.

హెడ్డు గారంటే హెడ్ కానిస్టేబుల్. డిపార్టుమెంటులో ఆ హోదా ఉన్నవాళ్లు ఎంతమందో ఉంటారు. నాకు మాత్రం ఆ మాట ఒక్క మనిషికే పేరయిపోయింది. ఆయన వెనక డిపార్టుమెంటు వాళ్లు నడిచారా అంటే, రిటైరైన ఒక డ్రైవరు కనిపించాడు. ఇంకెవరూ రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కానిస్టేబులుగా చేరింది రెండువేల సంవత్సరం తర్వాత కొత్తగా ఆడవాళ్లను ఎక్కువగా తీసుకుంటున్న రోజుల్లో. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఒక స్టేషన్లో వేశారు. దాని పేరు చెప్పను. ఇప్పుడక్కడ పని చేస్తున్నవాళ్లకు ఈ కథతో సంబంధం లేదు, ఉట్టిపుణ్యానికి మచ్చ అంటుకుంటుంది. అక్కడ నేనొక్కదాన్నే ఆడమనిషిని. మొదటిరోజు ఎక్కడ కూర్చోవాలో తెలియక బీరువా పక్కన నిలబడితే, హెడ్డు గారు తన కుర్చీ ఇటు జరిపి, "కూర్చో అమ్మాయ్. నిలబడితే ఎవడో ఒకడు టీ తెమ్మంటాడు" అన్నారు.

ఆయనకు ఎడమ చెవి సరిగ్గా వినపడదని అందరూ అనుకునేవాళ్లు. ఎవరేం చెప్పినా కుడి చెవి అటు తిప్పి, "ఏంటీ? మళ్లీ చెప్పు నాయనా" అనేవారు. కొన్నాళ్లకు నాకు అనుమానమొచ్చింది. నేను గొణుక్కున్నవి కూడా ఆయనకు భేషుగ్గా వినపడేవి. అడిగితే నవ్వారు. "ఒకే మాట రెండుసార్లు చెప్పిస్తే మనిషి తెలుస్తాడమ్మాయ్. అబద్ధమాడేవాడు రెండోసారి బాగా చెప్తాడు. నిజం చెప్పేవాడు విసుక్కుంటాడు."

ఎవరినైనా విచారించడానికి గదిలోకి వెళ్లేముందు బెల్టు విప్పి గుమ్మం బయట మేకుకు తగిలించేవారు. టోపీ కూడా. జేబురుమాలు నేల మీద పరుచుకుని, మోకాళ్లు పట్టుకుని అమ్మో అంటూ దాని మీద కూర్చునేవారు. ఎదుటి మనిషి నేల మీదుంటే తనూ నేల మీదే. కేసు సంగతి చాలాసేపు ఎత్తేవారు కాదు. పొలాల్లో కరెంటు మోటార్లు ఎత్తుకుపోతున్నాడని ఒక కుర్రాణ్ణి తెచ్చారొకసారి. వాణ్ణి కూర్చోబెట్టి, మా ఇంట్లో మోటారు తిరగట్లేదు, కారణమేంటంటావని మొదలెట్టారు. వాడు ఉత్సాహంగా వైండింగు గురించి చెప్పుకుపోయాడు. ఏ తీగ ఎక్కడ చవగ్గా దొరుకుతుందో, పాతరాగి ఎవరు కొంటారో కూడా చెప్పేశాడు. చెప్పాక, తను చెప్పింది తనకే వినపడి నాలిక్కరుచుకున్నాడు. హెడ్డు గారు వాడి భుజం తట్టి, "మంచి పనివాడివిరా. ఎందుకొచ్చిన దొంగతనం?" అన్నారు. వాడు ఏడిచాడు. మోటార్లన్నీ దొరికాయి.

ఆయన పుట్టుకతోనే ఇలా ఉన్నారని చెబితే అబద్ధమవుతుంది. ఆ అబద్ధం ఆయనే ఒప్పుకోరు. ఒక మధ్యాహ్నం స్టేషన్ వెనక వేపచెట్టు కింద క్యారేజీ విప్పుకుని తింటుండగా చెప్పారు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు దొంగతనం కేసులో ఒకతన్ని తన చేతులతోనే కొట్టారట. అతను చేయలేదని మొత్తుకున్నాడు, చివరికి చేశానన్నాడు. కోర్టుకు వెళ్లాక బయటపడింది. ఆ దొంగతనం జరిగిన రోజు అతను పక్క స్టేషన్లో వేరే కేసులో లాకప్పులో ఉన్నాడు.

"ఆ మాట మాకు చెప్పాడు కూడా అమ్మాయ్. చెప్తూనే ఉన్నాడు. మేం కొడుతున్నాం కదా, వినపడలేదు."

ఆ తర్వాత ఆయన ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అది జాలి అని స్టేషన్లో కొందరు వెటకారం చేసేవాళ్లు. ఆయన మాత్రం, "జాలి సంగతి దేవుడెరుగు, నాకు నిజం కావాలి" అనేవారు.

ఇక అసలు సంగతి చెబుతాను.

మా స్టేషన్ పరిధిలో ఒక బియ్యం వ్యాపారి భార్యను పట్టపగలు ఇంట్లోనే గొంతు నులిమి చంపారు. ఒంటి మీద బంగారం పోయింది. శవం దగ్గర ఉండాల్సింది ఆడమనిషి కాబట్టి పంచనామా అయ్యేదాకా నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడి, ఇల్లంతా ఆ వాసన. చెవులు తెగి ఉన్నాయి. ఆ చెవులు చూసినవాళ్లెవరికైనా ఎవర్నో ఒకణ్ణి పట్టుకుని చావగొట్టాలనే అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

ఆ పొద్దున ఆ ఇంటికి బియ్యం బస్తాలు దించిన హమాలీ ఒకడున్నాడు. బస్తాలు దించాక మళ్లీ మిల్లుకు రాలేదు. ఎక్కడికెళ్లావని అడిగితే చెల్లెలింటికన్నాడు. చెల్లెల్ని అడిగితే రాలేదంది. అబద్ధం దొరికిపోయింది. అంతకుమించి ఎవరికీ ఏం అక్కర్లేకపోయింది.

హెడ్డు గారు అప్పుడు సెలవులో ఉన్నారు. వాళ్లావిడకు కంటి ఆపరేషను. ఆ హమాలీని అరెస్టు చూపించకుండా వెనక గదిలో పెట్టారు. అరికాళ్ల మీద కొట్టారు. గది తలుపు వేసి ఉండేది గానీ కిటికీకి రెక్క లేదు. ఇంతకంటే రాయను.

అతను ఒప్పుకున్నాడు. నేనే చంపానన్నాడు. అయితే పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. అతను చూపించిన చోట నగలు దొరికితేనే అది సాక్ష్యం. అందుకని నగలెక్కడరా అని మళ్లీ మొదలు. కాలువ లాకుల దగ్గర నీళ్లలో పడేశానన్నాడు. జీపులో తీసుకెళ్లారు. ఈతగాళ్లు దిగారు, బురద తోడారు, ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఏం లేదు. తిరిగొచ్చాక మళ్లీ గది. ఈసారి కొబ్బరితోటలో పాతిపెట్టానన్నాడు. తోట తవ్వారు. ఆ తర్వాత గడ్డివామిలో అన్నాడు. ఆ రైతు లబోదిబోమంటుంటే వామి మొత్తం పీకి పోగులు పెట్టారు.

గడ్డివామికి బయల్దేరే పొద్దునే హెడ్డు గారు సెలవు ముగించుకుని వచ్చారు. ఇద్దరు పట్టుకుని అతన్ని జీపెక్కిస్తుంటే వరండాలో నిలబడి చూశారు. జీపు వెళ్లాక నన్ను పిలిచారు.

"అమ్మాయ్, వాడి మొహం చూశావా?"

"చూశానండి. భయపడుతున్నాడు."

"లేదమ్మా. గదిలోంచి వచ్చేటప్పుడు భయపడ్డాడు. జీపెక్కాక ఊపిరి పీల్చుకున్నాడు. నగలు దాచినవాడికి ఆ చోటు దగ్గరపడేకొద్దీ గుండెలదరాలి కదా? వీడికి ఏ నగలూ తెలియవు. బయటికి తీసుకెళ్తే అంతసేపు దెబ్బలుండవని తెలిసింది. అందుకని ఊళ్లో ఉన్న చోట్లన్నీ చెబుతున్నాడు."

నేను అన్ని రోజులూ అక్కడే ఉన్నాను. నాకు తట్టలేదు.

ఎస్సై గారు కుర్రాడు. చెడ్డవాడని నేనిప్పటికీ అనను. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. చనిపోయినావిడ కొడుకు రోజూ వచ్చి ఆయన గదిలో కూర్చునేవాడు. హెడ్డు గారు లోపలికెళ్లి, "సార్, వాడు కాదు" అన్నప్పుడు కూడా ఆ కొడుకు అక్కడే ఉన్నాడు. నేను ఫైలు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"కాదని మీకెలా తెలుసండీ?" కొడుకు లేచి నిలబడ్డాడు. "మీ ఇంట్లో ఆడమనిషికి ఇలా జరిగితే ఇంత నింపాదిగా మాట్లాడతారా?"

"మాట్లాడలేనేమో బాబూ" అన్నారు హెడ్డు గారు. "అందుకే మా ఇంట్లో జరిగితే నన్ను ఆ గదిలోకి పంపకూడదు."

ఎస్సై గారు తల పట్టుకున్నారు. "హెడ్డు గారూ, మీరు చెప్పేవి వినడానికి బానే ఉంటాయి. వాడు అబద్ధం చెప్పాడా లేదా? చెల్లెలింటికెళ్లానని ఎందుకు చెప్పాడు? మర్యాదగా అడిగితే ఎవడు చెప్తాడండీ?"

"దెబ్బకి నోరు తెరుచుకుంటుంది సార్. అందులోంచి ఏమొస్తుందో మన చేతుల్లో ఉండదు. కాలవ తోడాం, తోట తవ్వాం. ఈలోపు చేసినవాళ్లు ఎంత దూరం పోయుంటారో చూడండి. నాకు సాయంత్రం దాకా ఇవ్వండి. ఎవరూ అటు రాకూడదు."

ఇచ్చారు. ఇవ్వడం ఎస్సై గారి మంచితనమేనని హెడ్డు గారు తర్వాత చాలాసార్లు అన్నారు.

జీపు తిరిగొచ్చాక హెడ్డు గారు బెల్టు విప్పి మేకుకు తగిలించారు. నన్ను మంచినీళ్లు, పెరుగన్నం తెమ్మన్నారు. రుమాలు పరుచుకుని అతని ఎదురుగా కూర్చున్నారు. అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడు. అన్నం చూసి కూడా దించలేదు.

"తినవయ్యా. నేను నగలు అడగను."

చాలాసేపటికి నాలుగు ముద్దలు తిన్నాడు. బస్తా వీపు మీదకెలా ఎక్కించుకుంటారో హెడ్డు గారు అడిగారు. అంత బరువుతో బల్ల చెక్క మీద నడిచేటప్పుడు ఊగదా అన్నారు. అతను ముక్కలు ముక్కలుగా జవాబిచ్చాడు. కొంచెం కొంచెంగా గొంతు తేలింది.

"ఈ మధ్య మొయ్యలేకపోతన్నానండి. సగంలో ఆయాసం."

"ఏం? నిండా నలభై కూడా లేవు కదా నీకు."

అతను గుమ్మంలో ఉన్న నా వైపు చూశాడు. "ఆ అమ్మగారిని బయటికెళ్లమనండి" అన్నాడు.

వెళ్లాను. హెడ్డు గారు బయటికొచ్చేసరికి ఎండ తగ్గింది. మేకు మీది బెల్టు తీసుకుని పెట్టుకోబోయి, అలాగే పట్టుకుని నిలబడ్డారు.

ఆ హమాలీకి హెచ్‌ఐవి ఉంది. ఆ రోజు బస్తాలు దించి గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాడు. భార్యకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే మిల్లులో పని పోతుంది, అద్దె ఇల్లు పోతుంది, బడిలో కూతురి పక్కన ఎవరూ కూర్చోరు. ఆ రోజుల్లో మా పల్లెల్లో ఆ జబ్బు పేరెత్తితే మనిషి నీడ కూడా తొక్కేవాళ్లు కాదు. అందుకని చంపానని ఒప్పుకున్నాడు గానీ ఆసుపత్రికెళ్లానని ఒప్పుకోలేదు. ఉరిశిక్ష పడినా కూతురు బడికి వెళ్తుందనుకున్నాడు.

"అన్ని దెబ్బలకి చెప్పలేదమ్మాయ్" అన్నారు హెడ్డు గారు. "నాకు చెప్పాడు. ఎవరికీ తెలియనివ్వనని మాటిచ్చాను."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లారు. అక్కడ రోగులకు ధైర్యం చెప్పే కౌన్సిలరు ఒకావిడ ఉంది. మా యూనిఫాం చూడగానే, "ఎవరొచ్చారో ఎవరు రాలేదో మేం చెప్పమండి. కోర్టు కాయితం తెచ్చినా ఆలోచిస్తాం" అంది కటువుగా.

హెడ్డు గారి మొహం వికసించింది. "చెప్పకండమ్మా. మీరు చెప్పేస్తారేమోనని భయపడుతూ వచ్చాను. నేను పేరు అడగను. ఫలానా రోజు మధ్యాహ్నం మీ వరండాలో ఒక మనిషి కళ్లు తిరిగి పడ్డాడా లేదా, అంతే చెప్పండి."

ఆవిడ కాస్త మెత్తబడింది. "పడ్డాడు. పచ్చగళ్ల లుంగీ. మజ్జిగ నేనే తాగించాను. చీకటిపడే దాకా బల్ల మీద పడుకోబెట్టాం." మళ్లీ తనే, "ఇప్పుడెలా ఉన్నాడు?" అంది.

హెడ్డు గారు గోడ మీద అంటించిన బొమ్మల వైపు చూస్తూ నిలబడ్డారు.

స్టేషన్‌కి వచ్చి ఎస్సై గారితో తలుపు వేసుకుని మాట్లాడారు. ఎస్సై గారు నిజంగానే చలించిపోయారు. "నా నోట్లోంచి రాదండీ, మీ మీదొట్టు" అన్నారు. ఆయన బయటపెట్టాలని పెట్టలేదు. అతన్ని ఇంటికి పంపేటప్పుడు, కొట్టినవాళ్లను, డ్రైవరును పిలిచి, "కాళ్లకి నెత్తురుంది. చేతులకి కవర్లు తొడుక్కుని పట్టుకోండి" అన్నారు. తన మనుషుల మీద ప్రేమతో అన్న మాట. ఆ జబ్బేదో తెలిసిపోవడానికి అది చాలింది. కొట్టినవాళ్లలో ఒకడు అక్కడే కూలబడి, నా చేతికి గాయముంది సార్ అని ఏడ్చాడు. డ్రైవరు అతన్ని ఊరి సెంటర్లో దించేసి, అక్కడి బోరింగు దగ్గరే జీపు ఆపి, అందరూ చూస్తుండగా వెనకసీటు ఫినాయిల్‌తో కడిగాడు. ఏంటి, ఎందుకని జనం అడిగారు. చెప్పాడు.

అతను ఇంటికి చేరేలోపే మాట చేరింది. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు కదా.

వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయించారు. బడిలో కూతురికి కంచం వేరు పెట్టారు. మిల్లు మేస్త్రీ దూరం నుంచే చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లిపొమ్మన్నాడు. వాళ్లు రేపల్లె శివార్లలో ఎవరూ ఎరగని చోట ఒక పాకలోకి మారారు.

హంతకులు తర్వాత దొరికారు, మా వల్ల కాదు. వేరే జిల్లాలో ఒక ముసలావిడను చంపి పారిపోతూ పట్టుబడ్డ ఇద్దరు, ఈ హత్య కూడా తామే చేశామని చెప్పారు. మేము కాలువ తోడిన రోజుల్లో వాళ్లు చీరాలలో ఒక లాడ్జిలో ఉన్నారట. నగలు కరిగిపోయాయి. ఆ ముసలావిడ సంగతి వినగానే హెడ్డు గారు లేచి వెనక్కి వెళ్లి చాలాసేపు వేపచెట్టు కింద కూర్చున్నారు. ఆవిడ ప్రాణం కూడా ఆ గడ్డివామిలో వెతికిన రోజుల ఖాతాలోదేనని ఆయన లెక్క.

హమాలీల సంఘం అర్జీ పెడితే విచారణకు ఒక అధికారి వచ్చారు. అడిగిన వాళ్లందరూ అతను జీపు దిగుతూ పడ్డాడన్నారు. హెడ్డు గారు, "కొట్టారండి. నేను రాకముందు కొట్టారు, ఆ కాళ్లు నేను చూశాను" అన్నారు. నన్నడిగితే కిటికీలోంచి విన్నది చెప్పాను. దాని ఫలితం ఏమంత లేదు. ఎస్సై గారికి కొన్నాళ్లు వేరే చోటు, తర్వాత ప్రమోషను. హెడ్డు గారికి బాపట్ల బదిలీ, ఖైదీలను కోర్టుకు తిప్పే డ్యూటీ, రిటైరయ్యేదాకా అదే హోదా. ఆయన వస్తే టీకొట్టు దగ్గర బెంచీ ఖాళీ అయ్యేది. సొంతవాళ్ల మీద చెప్పినవాడు కదా. ఖబరస్తాన్ దాకా ఎవరూ ఎందుకు రాలేదో ఇప్పుడు మీకు తెలిసింది.

బాపట్లలో ఉండగా కొత్తగా చేరిన కుర్రాళ్లకు నాలుగు మాటలు చెప్పమని ఒక పెద్ద అధికారి ఆయన్ని పిలిచారు. నేనూ డ్యూటీ మీద వెళ్లి వెనక కూర్చున్నాను. ఒక కుర్రాడు లేచి, "సార్, బాంబు పెట్టినవాడు దొరికాడనుకోండి. టైము లేదు. అప్పుడైనా కొట్టాలి కదండీ?" అన్నాడు. ఆ రోజుల్లో టీవీ పెడితే బాంబుల వార్తలే.

హెడ్డు గారు కుడి చెవి తిప్పి రెండోసారి చెప్పించుకున్నారు. "టైము లేదంటున్నావు కదా నాయనా. అబద్ధం వెంట పరిగెత్తడానికి టైముందా?" అన్నారు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇంకో మాట. మంచిగా అడగడం తేలికనుకోకండి. మంచిగా అడిగితే మనిషి గుండెలోది తీసి చేతిలో పెడతాడు. దాన్నెక్కడ పెట్టుకోవాలో ముందే చూసుకుని అడగండి." ఆ మాట ఆ హాల్లో నాకొక్కదానికే అర్థమైంది.

ప్రతినెలా సెలవు పెట్టి రేపల్లె వెళ్లేవారు. ఆ హమాలీని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లి మందులిప్పించి, మళ్లీ దింపి వచ్చేవారు. ఎప్పుడూ మామూలు బట్టల్లోనే. యూనిఫాంలో పక్కన కూర్చుంటే దొంగను తీసుకెళ్తున్నారనుకుంటారని. ఒకసారి తెనాలి రైల్వే స్టేషన్లో నాకు ఎదురుపడ్డారు. రైలు ఆలస్యమైంది. ఇద్దరూ ఒకే క్యారేజీలోంచి ఇడ్లీ తింటున్నారు. పక్కనున్న పెద్దావిడ, "మీ తమ్ముడాండీ? బాగా చిక్కిపోయాడు" అంది. "అవునమ్మా, మా తమ్ముడే" అన్నారాయన. రైలొచ్చాక అతను మడమల మీద నడుస్తూ వెళ్లాడు. అరికాలు నేలకానించలేడు. ఎక్కేముందు నాతో అన్నాడు, "ఆయన అడక్కపోతే నన్ను ఉరేసేవాళ్లమ్మా. నిజమే. అడిగారు కాబట్టి బతికే ఉన్నాను." ఆ మాటలో కృతజ్ఞతుందో నిష్ఠూరముందో ఎన్నాళ్లు ఆలోచించినా తేలలేదు. మరుసటి ఏడు వానల్లో అతను పోయాడు. మందులు ఆలస్యంగా మొదలయ్యాయని డాక్టర్లన్నారట.

రిటైరయ్యాక హెడ్డు గారు తెనాలిలో సొంత ఇంట్లోనే ఉన్నారు. షుగరొచ్చి బాగా తగ్గిపోయారు. వెళ్లినప్పుడల్లా వాళ్లావిడ, "మీ హెడ్డు గారు నాతో కూడా మాట్లాడరు బేటీ, నువ్వొస్తే మాట్లాడతారు" అని మా ఇద్దరికీ సేమ్యా పెట్టి కూర్చునేది. కిందటిసారి వెళ్లినప్పుడు ఆయన స్పూను గిన్నెలో తిప్పుతూ ఉండిపోయారు.

"వాళ్లు కొట్టి అబద్ధం తీసుకున్నారు. నేను అన్నం పెట్టి నిజం తీసుకున్నాను. వాళ్ల అబద్ధం వాణ్ణి ఏం చేసేదో తెలియదు. నా నిజం వాణ్ణి ఊరు దాటించింది."

"మీరు అడక్కపోతే బతికేవాడు కాదు కదండీ" అన్నాను.

"అడగొద్దనట్లేదమ్మాయ్. అడగాలి. మళ్లీ ఆ గదిలోకెళ్లమంటే మళ్లీ అడుగుతాను." గిన్నె పక్కన పెట్టారు. "వాడు చెప్పింది నాకు. సార్‌తో చెప్పే ముందు, చెప్పనా అని వాణ్ణి ఒక్క మాట అడగాల్సింది. దొరికిందన్న తొందరలో అడగలేదు."

ఆ తర్వాత ఆయన గొంతు నేను వినలేదు.

ఖననమైన వారానికి రేపల్లె వెళ్లాను. ఆ హమాలీ భార్యకు ఎవరూ కబురు చెప్పి ఉండరనిపించింది. ఆమె ఒక రైసుమిల్లు కళ్లంలో పని చేస్తోంది. ఉడకబెట్టిన వడ్లు ఆరబోసి, ఆడవాళ్లు కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తున్నారు. నన్ను గుర్తుపట్టి కూడా ఆగలేదు. వెనకే నడుస్తూ చెప్పాను.

రెండు చాళ్లు పూర్తయ్యాక అంది. "మావోడు పోయాక కూడా ఆయన నెలనెలా వచ్చేవారు. గుమ్మంలో కూర్చునేవారు. మంచినీళ్లిచ్చేదాన్ని. నేనొక్కసారీ మాట్లాడలేదు."

"కోపమా?"

"కోపమేముందమ్మా. మంచాయన. అంత మంచాయన కాకపోతే మావోడు చెప్పేవాడే కాదు." కాలితో వడ్లు నెట్టింది. "చెప్పకుండా ఉండుంటే బాగుండేదని ఒకోసారి అనిపిస్తది. ఉరేస్తే ఏమయ్యేదో తెలుసు. మళ్లీ అలా అనుకున్నందుకు ఏడుపొస్తది. ఏది అనుకోవాలో నాకే తెలీదు. ఆయనకేం చెప్పను?"

సముద్రం వైపు నుంచి మబ్బు లేచింది. గాలి మొదలైంది. మేస్త్రీ కేకలేస్తున్నాడు, ఆడవాళ్లు పరుగులు పెడుతూ వడ్లు పోగు చేస్తున్నారు. ఆమె ఒక బరకం పట్టా ఈడ్చుకొచ్చి, ఒక అంచు నా చేతికిచ్చింది, పట్టుకోమని అడగకుండానే. రాశి మీద కప్పబోయేసరికి గాలి లోపల దూరి పట్టా పైకి లేచింది. ఆమె అటు, నేనిటు. మధ్యలో అంత ఎత్తున ఉబ్బి కొట్టుకుంటోంది. మొదటి చినుకులు దాని మీద పడుతున్న చప్పుడు వినపడుతోంది గానీ, అవతల ఆమె మొహం నాకు కనపడలేదు. పట్టా లాగుతున్న చేతుల బరువు మాత్రం తెలుస్తోంది.